అరమిల్లీమీటరు సందు

ఇంట్లో చేసిన చేతి వీడియోగేమ్‌ను ఎవరన్నా తెచ్చి చూపిస్తే చాలామంది కండ్లు ముందు తెర మీదికి పోతాయి. ఏ ఆట నడుస్తోంది, రంగులు బాగున్నాయా, మారియో దుంకుతున్నాడా లేదా. నేను మాత్రం బటన్ చుట్టూ ఉన్న సందు చూస్తాను. బటన్‌కూ, అది బయటికి వచ్చే రంధ్రానికీ నడుమ ఒక సన్నని ఖాళీ ఉంటుంది. అది పావు మిల్లీమీటరుకు తగ్గితే నొక్కిన బటన్ లోపలే ఇరుక్కుంటుంది. అర మిల్లీమీటరు దాటితే లొడలొడలాడుతుంది. ఆ రెంటి నడుమ నిలబెట్టినవాడు పనిమంతుడు. తెర, చిప్పు, బ్యాటరీ అన్నీ కొనుక్కొచ్చేవే. ఈ సందును మాత్రం ఎవరూ అమ్మరు.

అది ఎందుకంత మొండిదో తెలియాలంటే యంత్రం గుణం తెలియాలి. త్రీడీ ప్రింటర్ కరిగిన ప్లాస్టిక్‌ను 0.4 మి.మీ. మూతిలోంచి సన్నగా వదులుతూ, 0.2 మి.మీ. మందంతో పొర మీద పొర వేసుకుంటూ పోతుంది. కంప్యూటర్‌లో 10 మి.మీ. రంధ్రం గీస్తే చేతికి వచ్చేది 9.8, ఒక్కోసారి 9.7. వంపు తిరిగే చోట మెత్తటి ప్లాస్టిక్ లోపలి వైపుకు లాక్కుంటుంది, చల్లారేటప్పుడు ఇంకొంత ముడుచుకుంటుంది. బటన్ మాత్రం గీసిన కొలతకే వస్తుంది, లేదా వెంట్రుకవాసి లావుగా వస్తుంది. రంధ్రం తగ్గడం, బటన్ పెరగడం రెండూ కూడబలుక్కున్నట్టు సందునే మింగుతాయి. పైగా వేడి పళ్లెం మీద పడే మొదటి పొర కాస్త పరుచుకుంటుంది. ఎంత బాగా కొలిచి గీసినా డబ్బా ముఖం వైపు రంధ్రం అంచు ఆ మేరకు ఇంకా ఇరుకవుతుంది.

అందుకే చెయ్యి తిరిగినవాళ్లు డబ్బా మొత్తం ఒకేసారి ముద్రించరు. ముందుగా చిన్న పలక ఒకటి తీస్తారు. దాని మీద 10.2, 10.4, 10.6 అని వరుసగా రంధ్రాలు. బటన్‌ను ఒక్కోదాంట్లో పెట్టి బొటనవేలితో నొక్కి, ఏ రంధ్రంలోంచి అది అడ్డం లేకుండా తిరిగి లేస్తుందో చూసుకుంటారు. అడుగు అంచుకు ఏటవాలు కోత ముందే గీసి పెడతారు. ఇంత చేసినా ఆఖరున గుండ్రటి ఆకురాయి, 400 నంబరు ఉప్పు కాగితం తప్పవు. ఇంకో ముచ్చట ఏమంటే ఈ లెక్క ఆ ఒక్క ప్రింటర్‌కే. పక్కింటి ప్రింటర్ మీద పనికిరాదు. ప్లాస్టిక్ రీలు మారినా కొంత మారుతుంది. పుస్తకంలో రాసుకున్న కొలత కంటే తన యంత్రం ఎంత తప్పుతుందో తెలిసి ఉండటమే ఇక్కడ విద్య.

బటన్ కింద ఏముందో చెవి చెప్తుంది. టక్ టక్‌మని గట్టిగా మోగిందంటే లోపల రెండు రూపాయల చిన్న స్విచ్ ఉందని అర్థం. చేయడం సులువు, సోల్డర్ చేస్తే అయిపోయింది. కానీ పొద్దుగూకిన తర్వాత ఇంట్లోవాళ్లు పడుకున్నప్పుడు ఆడి చూడండి, తెలుస్తుంది. ఫ్యాక్టరీ పెట్టెల్లో బటన్ కింద రబ్బరు బుడిపె ఉంటుంది. దాని అడుగున నల్లటి కార్బన్ బిళ్ల. కింద బోర్డు మీద రెండు రాగి గీతలు ఒకదాని పళ్లలోకి ఇంకోదాని పళ్లు దూరినట్టు, కానీ తాకకుండా ఉంటాయి. నొక్కితే కార్బన్ బిళ్ల ఆ రెంటినీ కలుపుతుంది. వదిలితే రబ్బరే బటన్‌ను పైకి తోస్తుంది. శబ్దం లేదు, వేలికి నొప్పి లేదు. ఇంట్లో చేసేవాళ్లలో మంచివాళ్లు ఈ రబ్బరు కోసం చెడిపోయిన పాత కంట్రోలర్‌ను విప్పుతారు, దానికి తగ్గ రాగి పళ్లు తమ బోర్డు మీద తామే గీసుకుంటారు.

ఇక దిక్కుల బటన్. ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే ఆ ఒక్క ముక్క వెనక గున్‌పే యొకొయ్ అనే జపాన్ ఇంజనీరు ఉన్నాడు. 1982లో నింటెండో తెచ్చిన డాంకీ కాంగ్ చేతి ఆటలో దాన్ని మొదట పెట్టాడు. కిటుకంతా పైకి కనిపించే ప్లస్‌లో లేదు, దాని అడుగున మధ్యలో ఉన్న చిన్న బొడిపెలో ఉంది. ఆ బొడిపె బోర్డుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఎడమ దిగితే కుడి లేవక తప్పదు. ఎదురెదురు దిక్కులు రెండూ ఒకేసారి నొక్కుకోవడం కుదరదు. ఇంటి పెట్టెల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఇక్కడే. బొడిపె మరిచిపోతారు, లేదా పొట్టిగా చేస్తారు. బొటనవేలు మధ్యలో పడగానే నాలుగు స్విచ్‌లూ ఒకేసారి నొక్కుకుంటాయి. ఆట ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోతుంది. తప్పు ప్రోగ్రామ్‌లో ఉందనుకుని వెతుక్కునేవాళ్లు ఎందరో.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పెరిగిన నలభై ఏండ్లవాళ్లకు ఈ పెట్టెలు కొత్త కాదు. గల్ఫ్ పోయొచ్చినోళ్ల సూట్‌కేసుల్లో టేప్‌రికార్డర్, సెంటు సీసాలు, టార్చిలైట్లతో పాటు ఇటుకలు పేర్చే ఆట పెట్టె కూడా దిగేది. ఆ తర్వాత సమురాయ్, మీడియా లాంటి పేర్లతో టీవీకి తగిలించే వీడియోగేమ్‌లు వచ్చాయి. నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామికామ్‌కు అవి నకళ్లు. కొనలేనివాళ్లకు గంట లెక్కన కిరాయి. ఆట పలకను అందరం క్యాసెట్ అనే వాళ్లం, అది పనిచేయకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టేవాళ్లం. వాటిలో చాలా పెట్టెలు విప్పితే లోపల జానెడు బోర్డు, మధ్యలో నల్లటి లక్క బొట్టు ఒకటి కనిపించేది. అసలు యంత్రంలో పలు చిప్పులు చేసే పనంతా ఆ బొట్టు కింద ఒక్క చిప్పులో కుక్కి పెట్టారు. పాడైతే బాగుచేసే దారి లేదు. పనితనం ఉంది, కానీ మూతబడ్డ పనితనం.

ఇంటి తయారీదారుల అసలు గురువు కూడా యొకొయే. 1989 ఏప్రిల్‌లో అతని బృందం గేమ్‌బాయ్ అనే చేతి పెట్టె తెచ్చేసరికి ప్రపంచంలో రంగుల చిన్న తెరలు లేకపోలేదు. అతను కావాలనే పాత సరుకు పట్టుకున్నాడు. 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు, నాలుగు ఛాయల పచ్చటి తెర, వెనక లైటు లేదు. 4.19 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 8 కిలోబైట్ల మెమరీ. నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే పదిహేను గంటలకు తక్కువ కాకుండా నడిచేది. మరుసటి ఏడాది సెగా తెచ్చిన గేమ్ గేర్‌కు రంగుల తెర, వెనక లైటు, ఆరు సెల్లులు ఉన్నాయి. ఆ ఆరూ నాలుగైదు గంటల్లో ఊడ్చుకుపోయేవి. బాగా వాడి నలిగిన, చౌకబారిన సరుకుతో కొత్త పని చేయించాలన్నది యొకొయ్ పట్టుదల. కార్లకు వెనక బిగించే కెమెరా తెర తెచ్చి వీడియోగేమ్‌కు అమర్చుకునేవాడు తెలిసో తెలియకో అదే దారిలో నడుస్తున్నాడు.

ఆ దారిలో మొదట పేరు తెచ్చుకున్నవాడు అమెరికాలోని విస్కాన్సిన్‌కు చెందిన బెన్ హెకెన్‌డోర్న్. 1977 నాటి అటారీ 2600 టీవీ కింద పెట్టుకునే పెద్ద పెట్టె. దాని బోర్డును కోసి, వైర్లతో మళ్లీ కలిపి, చిన్న టీవీ తెర జోడించి 2000లో చేతిలోకి తెచ్చాడు. ఆ తర్వాత చిన్న సీఎన్‌సీ యంత్రంతో ప్లాస్టిక్ పలకలు కోసుకుంటూ వరుసగా ఎన్నో పెట్టెలు చేశాడు, 2005లో ఆ విద్య మీద పుస్తకమే రాశాడు. అప్పట్లో అసలు యంత్రాన్ని చంపకుండా కోయడమే గండం. బోర్డు మీద ఏ గీత తెగితే ఏది ఆగుతుందో తెలియాలి.

2015 నవంబర్‌లో ఆ గండం తప్పింది. ఐదు డాలర్లకు రాస్ప్‌బెర్రీ పై జీరో అనే చిన్న కంప్యూటర్ బోర్డు వచ్చింది. పొడవు 65 మి.మీ., వెడల్పు 30 మి.మీ., ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 512 మెగాబైట్ల మెమరీ. రాస్ప్‌బెర్రీ పై సంస్థ అప్పట్లో నడిపిన ది మ్యాగ్‌పై పత్రిక 40వ సంచిక అట్టకు అతికించి దాన్ని ఉచితంగా పంచారు. వారపత్రికలతో షాంపూ పొట్లాలు అందుకున్న మనకు, పత్రికతో కంప్యూటర్ రావడమంటే నవ్వే వస్తుంది. ఆ చిన్న బోర్డు పాత యంత్రాలను అనుకరించే ప్రోగ్రామ్‌లను తేలిగ్గా నడుపుతుంది. అంతకు ముందే, 2014లో, అమెరికాలోని ఏడాఫ్రూట్ సంస్థ కోసం నోయె రూయిజ్, పేద్రో రూయిజ్ అనే అన్నదమ్ములు త్రీడీ ముద్రణ డబ్బాలో రాస్ప్‌బెర్రీ పై బిగించి పైగర్ల్ అనే పెట్టె చేసి, నమూనా అందరికీ ఇచ్చేశారు. ఊరూరా చేసేవాళ్లు మొదలైంది అక్కడినుంచే అనుకోవచ్చు.

వాటన్నిటిలో నాకు చేతులెత్తి మొక్కబుద్ధయ్యే పని 2016లో వెర్మీ అనే మారుపేరు పెట్టుకున్న ఒకాయన చేసిన గేమ్‌బాయ్ జీరో. పాత గేమ్‌బాయ్ డబ్బానే తీసుకుని లోపలి సామాను తీసేసి పై జీరో పెట్టాడు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఆయన క్యాసెట్‌ను వదల్లేదు. పాత ఆట క్యాసెట్ లోపల మెమరీ కార్డు దాచి, దాన్ని వెనక గాడిలో దూర్చితేనే పెట్టె బతికేలా అమర్చాడు. కంప్యూటర్‌కు ప్రాణం లాంటి కార్డు బోర్డు మీద కాక క్యాసెట్‌లో ఉందన్నమాట. వినడానికి చిన్న వేషంలా ఉంటుంది. కార్డుకూ బోర్డుకూ నడుమ సంకేతాలు సెకనుకు కోట్లసార్లు మారుతుంటాయి. నడుమ వైర్లు కాస్త పొడవైనా, ఒకటి పొట్టిగా ఒకటి పొడుగ్గా ఉన్నా సంకేతాలు చెదిరి పెట్టె మధ్యలో ఆగిపోతుంది. వెంట్రుకల్లాంటి వైర్లను సమానంగా కోసి, పొట్టిగా కూర్చి, క్యాసెట్‌ను తీసి పెట్టే దెబ్బలకు తెగకుండా నిలబెట్టడం గడియారాలు బాగుచేసేవాళ్ల స్థాయి పని. ఆయన అది చేసింది వేగం కోసమో పొదుపు కోసమో కాదు. క్యాసెట్ దూర్చినప్పుడు చేతికి తగిలే ఆ దెబ్బ కోసమే. అక్కరలేని చోట అంత శ్రమ పడ్డాడు కాబట్టే నాకు నచ్చింది.

కరెంటు లెక్కలో మాత్రం ఏ సరదా చెల్లదు. మొబైల్ తరహా లిథియం బ్యాటరీ నిండుగా ఉంటే 4.2 వోల్టులు, అడుగంటితే 3 వోల్టులు. రాస్ప్‌బెర్రీ పైకి 5 కావాలి. నడుమ వోల్టేజీ పెంచే చిన్న బోర్డు పెట్టాలి, అది తన దారిఖర్చు కింద పది పదిహేను శాతం మింగుతుంది. 2000 మిల్లీయాంపియర్ అవర్ల బ్యాటరీలో ఉండేది సుమారు 7.4 వాట్ అవర్లు. తెర, బోర్డు, స్పీకర్ కలిసి రెండున్నర వాట్లు లాగితే ఆట రెండున్నర గంటలకు మించి నడవదు. యొకొయ్ పదిహేను గంటలు గుర్తుకొచ్చి సిగ్గేస్తుంది. బ్యాటరీ పెంచుదామా అంటే మందం పెరుగుతుంది. ఇంటి పెట్టెల్లో ఎక్కువ భాగం ఇటుకల్లా లావుగా ఉండటానికి కారణం ఇదే. వెనక్కి తిప్పి చూడండి, పొట్ట ఉబ్బెత్తుగా ఉంటుంది.

కార్ల రివర్స్ కెమెరా తెర 12 వోల్టుల సరుకు. విప్పి చూస్తే దాని లోపల వోల్టేజీ దించే చిన్న భాగం ఒకటి కనిపిస్తుంది. చాలా తెరలు అసలు పనికి వాడుకునేది తక్కువ వోల్టేజీనే. మీటరు పెట్టి కొలిచి, ఆ భాగాన్ని తప్పించి నేరుగా 5 వోల్టులు ఇస్తే తెర వెలుగుతుంది, వేడి తగ్గుతుంది. పై జీరో బోర్డు మీద టీవీ అని రాసి ఉన్న రెండు చుక్కల నుంచి బొమ్మ వస్తుంది. చుక్కకు చుక్క సోల్డర్, అంతే. కానీ వోల్టేజీ పెంచే బోర్డు రొద స్పీకర్‌లోకి దూరి గుయ్యిమంటుంది. ఆ రొద లేకుండా చేసిన పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని, ఆట పెట్టకుండా, ఉత్తగా వినాలి. ఆ నిశ్శబ్దం కోసం నేల వైరు ఎక్కడ కలిపాడో, స్పీకర్ వైర్లు ఎటు తిప్పాడో, కెపాసిటర్ ఎక్కడ పెట్టాడో మూత తీస్తే గాని కనిపించదు.

రాస్ప్‌బెర్రీ పైని వదిలేసి ఇంకా చిన్న చిప్పులతో చేసేవాళ్లు మరో తెగ. వాళ్ల పనిలో పొదుపు చూడాలి. 2021 జనవరిలో వచ్చిన పికో అనే చిన్న బోర్డులో 264 కిలోబైట్ల మెమరీ ఉంటుంది. 320కి 240 చుక్కల రంగుల తెర నిండాలంటే ఒక్క బొమ్మకే 153,600 బైట్లు కావాలి. తెరకు సెకనుకు 4 కోట్ల బిట్లు పంపే తీగ ఉందనుకుంటే ఒక్కో బొమ్మకు 30 మిల్లీసెకన్లు దాటుతుంది. సెకనుకు ముప్పై రెండు బొమ్మలే, ఆట కుంటుతుంది. అదే గేమ్‌బాయ్ కొలతలో 160కి 144 చుక్కలు పంపితే తొమ్మిది మిల్లీసెకన్లకే అయిపోతుంది. అందుకే తెలిసినవాడు బొమ్మ మొత్తం కాక మారిన ముక్క మాత్రమే పంపుతాడు, ఒక ముక్క తెరకు పోతున్నంతసేపు ఇంకో ముక్క గీస్తూ ఉంటాడు. స్విచ్ వేయగానే ఆట వస్తుంది. రాస్ప్‌బెర్రీ పైలా అర నిమిషం కళ్లప్పగించి కూచోబెట్టదు, టక్కున ఆపినా కార్డు పాడవదు. ఇందులోనే ఎక్కువ నిజాయితీ ఉందని నాకు అనిపిస్తుంది. రాస్ప్‌బెర్రీ పైకి బలం ఎక్కువ కాబట్టి చేసినవాడి బద్ధకాన్ని అది కప్పేస్తుంది.

ఆ తెగలో శిఖరం అమెరికన్ కెవిన్ బేట్స్ 2014లో చేసిన పలక. విజిటింగ్ కార్డు లాంటిది చేయబోయి ఆట యంత్రం చేశాడు. సర్క్యూట్ బోర్డు మందం 1.6 మి.మీ. మామూలుగా చిప్పులన్నీ బోర్డు మీద కూర్చుంటాయి, మందం పెరుగుతుంది. ఆయన బోర్డుకే కిటికీలు కోసి, భాగాలను వాటిలోకి దించాడు. 128కి 64 చుక్కల తెలుపు నలుపు తెర. చిప్పులో ఉన్నది కొద్దిపాటి మెమరీ, అందులో 1,024 బైట్లు తెర బొమ్మకే పోతాయి. మిగిలిన దాంట్లో ఆటంతా. ఆ తర్వాత అది ఆర్డుబాయ్ పేరుతో బజారుకొచ్చింది. ప్రోగ్రామ్ అందరికీ తెరిచిపెట్టడంతో దానికి వందల ఆటలు పుట్టాయి.

కిటికీలు కోసి లోపలికి దించిన ఆ బోర్డు ఫొటో చూసినప్పుడు సిరిసిల్ల గుర్తుకురాని సిరిసిల్లవాడు ఉండడనుకుంటా. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేసిన నల్ల పరంధాములు ఊరది. ఆ పనిని ఆయన కొడుకు విజయ్ కొనసాగించారు. అదే ఊరి నేతకారుడు వెల్ది హరిప్రసాద్ జీ20 చిహ్నాన్ని చేత్తో నేసి పంపితే, 2022 నవంబర్ 27న ప్రధాని మన్ కీ బాత్‌లో ఆ ముచ్చట చెప్పారు. అగ్గిపెట్టె చీరను గిన్నిస్ లెక్కల్లాంటి వింతగా చూసి వదిలేస్తే మనకే నష్టం. కట్టుకోగలిగిన నిడివి తగ్గించకుండా దారం మందం తగ్గించడం, దారం అంత సన్నబడినా తెగకుండా అల్లు పట్టడం, మడతలో గాలి మిగలకుండా చూడటం అందులో అసలు పని. బేట్స్ పలకలోనూ అంతే. ఆట తగ్గలేదు, చోటు తగ్గింది. చిన్నది చేయడం వేరు, తగ్గించకుండా చిన్నది చేయడం వేరు. మొదటిది బొమ్మ చేసేవాళ్లకూ వస్తుంది.

మన మూడు ఊళ్లలో ఈ పని చేయాలంటే ఏం దొరుకుతుంది? అనుకున్న దానికంటే ఎక్కువే. మొబైల్ రిపేర్ దుకాణాల్లో వేడిగాలి సోల్డరింగ్ యంత్రం, సూక్ష్మదర్శిని, సన్నమూతి సోల్డరింగ్ కడ్డీలు ఉంటాయి. ఫోన్ బోర్డు మీద ఆవగింజంత భాగం పీకి మార్చేవాడికి రాస్ప్‌బెర్రీ పై మీద రెండు చుక్కలు అతకడం ఎడమచేతి పని. రివర్స్ తెరలు కార్ డెకార్ దుకాణాల్లో ఉంటాయి. త్రీడీ ప్రింటర్ లేకపోయినా డబ్బా ఆగదు. షీల్డులు, నేమ్ ప్లేట్లు చేసేవాళ్ల దగ్గర అక్రిలిక్ కోసే లేజర్ ఎక్కడుందో ఆరా తీయండి, జగిత్యాలలో కాకపోతే కరీంనగర్. 3 మి.మీ. అక్రిలిక్ పలకలను ఒక్కో పొరకు ఒక్కో ఆకారంలో కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నాలుగు మూలల పొడవు బోల్టులు బిగిస్తే డబ్బా. రాస్ప్‌బెర్రీ పై గుర్తును గీసిన పాల్ బీచ్ తన పైమొరోనీ సంస్థ కోసం ఇదే పద్ధతిలో పైబో డబ్బా చేశాడు. లేజర్ కాల్చే గీత వెడల్పు 0.2 మి.మీ. దాకా ఉంటుందని గుర్తుంచుకుని బటన్ రంధ్రాలు గీయాలి. ఇక్కడ రంధ్రం చిన్నగా కాక పెద్దగా వస్తుంది, ప్రింటర్‌కు సరిగ్గా తలకిందులు.

సిరిసిల్లలో ఇంకో వనరు ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు. భీవండి నుంచి వచ్చిన పాత సాంచాలను, అంటే మరమగ్గాలను, దశాబ్దాలుగా నడుపుతున్న మెకానిక్‌లు. కంపెనీ భాగం దొరకదు, దొరికేదాకా ఆగితే ఆసామికీ నష్టం, కార్మికుడికి కూలీ లేదు. లేత్ మీద తిప్పించో, ఆకురాయితో రాకో అదే రోజు అమర్చాలి. అరిగిన భాగాన్ని చూసి అది కొత్తగా ఉన్నప్పుడు ఎంత ఉండేదో చెప్పగల కన్ను వాళ్లది. వీడియోగేమ్ చేసే కుర్రాళ్లు కంప్యూటర్ ముందు కూర్చుని ఏ చోట తిప్పలు పడతారో సరిగ్గా అక్కడే వీళ్లు ఘనులు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలని నా కోరిక.

సంస్థలు కూడా ఉన్నాయి. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చి 2న తెరిచిన టీ వర్క్స్ 78,000 చదరపు అడుగుల నమూనాల కార్ఖానా. మన దేశంలో ఇలాంటి ప్రయోగానికి మూలం మాత్రం పల్లెలోనే ఉంది. అమెరికాలోని ఎంఐటీ మొదలుపెట్టిన ఫ్యాబ్ ల్యాబ్ అనే తయారీ ప్రయోగశాల, ఆ విశ్వవిద్యాలయం బయట మొదట వెలిసింది 2002లో పుణె దగ్గరి పాబల్ గ్రామంలోని విజ్ఞాన్ ఆశ్రమంలో. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లతో త్రీడీ ప్రింటర్లు బడులకూ చేరాయి. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. యంత్రం ఉన్న గది తాళం ఎవరి జేబులో ఉందన్నదే చాలా చోట్ల అసలు ప్రశ్న.

ఒక్క మాట ఎండ గురించి. ప్రింటర్‌లో ఎక్కువగా వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ అరవై డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో జగిత్యాల ఎండ 45 దాటుతుంది, తలుపులు మూసిన కారులో అరవై ఎంతసేపు? పెట్టె వంగిపోయి బటన్లన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. మన దగ్గర పెట్‌జీ అనే ప్లాస్టిక్ వాడాలి. అంచుల దగ్గర తీగలు సాగదీస్తుంది, ముద్రణ అంత అందంగా రాదు, అయినా అదే వాడాలి. కోరుట్లలో ఆడబోయే పెట్టెకు విస్కాన్సిన్ వాతావరణం లెక్క పనికిరాదు.

ఆటల సంగతి క్లుప్తంగా. పాత ఆటల ఫైళ్లకు యజమానులు ఇంకా ఉన్నారు, దొరికాయి కదా అని దింపుకోవడం చట్టం ఒప్పే పని కాదు. దానికి బదులు సొంత ఆట రాసుకోవచ్చు. క్రిస్ మాల్ట్‌బీ 2019లో విడుదల చేసిన జీబీ స్టూడియో ఉచితం, ప్రోగ్రామింగ్ రాకపోయినా గేమ్‌బాయ్ మీద నడిచే ఆట చేయనిస్తుంది. వేములవాడ జాతరో, కొండగట్టు కోతులో నాలుగు ఛాయల పచ్చటి తెర మీద ఎట్లా ఉంటాయో చూడాలని ఉంది.

పెట్టెను మూసే తీరు కూడా పనిమంతుణ్ని పట్టిస్తుంది. జిగురు పెట్టి మూసినవాడి మీద నాకు గౌరవం తగ్గుతుంది. లిథియం బ్యాటరీ రెండు మూడేండ్లకు నీరసిస్తుంది, ఒక్కోసారి ఉబ్బుతుంది. అప్పుడు మూత తీయలేకపోతే పెట్టె ప్రమాదం అవుతుంది. స్క్రూ నేరుగా ప్లాస్టిక్‌లోకి బిగిస్తే నాలుగైదుసార్లకు మరలు అరిగిపోతాయి. నిలువుగా నిలబడ్డ సన్నని బొడిపె అయితే పొర పొర మధ్య తెగి స్క్రూతో పాటు ఊడొస్తుంది. మంచి పనివాడు ఆ బొడిపెను లావు చేసి, ఇత్తడి నట్టును సోల్డరింగ్ కడ్డీతో వేడిచేసి అందులోకి దించుతాడు. ప్లాస్టిక్ కరిగి దాన్ని పట్టుకుంటుంది. ఇక వందసార్లు విప్పినా పరవాలేదు. మూత లోపలి వైపు ఏ రంగు వైరు ఎక్కడికో పెన్‌తో రాసి పెట్టినవాడు కనిపిస్తే ఇంకా సంతోషం. తన తర్వాత ఇంకెవరో విప్పుతారని అనుకున్నాడన్నమాట.

కొనే పెట్టెలు చేయలేని ఒక పని ఇంట్లో చేసిన పెట్టె చేయగలదు. గేమ్‌బాయ్ కొలత 148కి 90కి 32 మి.మీ. అది ఎవరి చెయ్యి? సగటు చెయ్యి. ఏడేండ్ల పిల్లకు పెద్దది, పెద్దాయనకు చిన్నది. రెండు చేతులూ లేనివాడికి అసలు పనికిరాదు. బెన్ హెకెన్‌డోర్న్ తన పేరున్న రోజుల్లో ఒంటిచేత్తో ఆడేవాళ్ల కోసం కంట్రోలర్లు చేశాడు. మైక్రోసాఫ్ట్ 2018లో వికలాంగుల కోసం ప్రత్యేక కంట్రోలర్ తెచ్చేదాకా అలాంటివాళ్లలో చాలామందికి దిక్కు ఇట్లాంటి ఇంటి పనివాళ్లే. యంత్రం మీద పని చేసే ఊళ్లలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. కుడిచేతి మూడు వేళ్లతో ఆడాల్సినవాడికి దిక్కుల బటన్ బొటనవేలి కింద, మిగతా రెండు బటన్లు పెట్టె వెనక వైపు రావాలి, బరువు మణికట్టు మీద కాక అరచేతి మడమ మీద పడాలి. దానికి నమూనా ఎక్కడా దొరకదు. వినాయకుడికి తెచ్చే మట్టి ముద్ద ఒకటి చేతికిచ్చి, ఆడుతున్నట్టు పట్టుకోమని, వేళ్ల గుంతలు పడ్డ చోట్లను వెర్నియర్‌తో కొలుచుకోవాలి. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే కొలవాలి, ఆరితే కుంచించుకుపోయి కొలత తప్పుతుంది.